పెనుకొండలో వన్స్ మోర్

హిందూపురం,
డిసెంబర్ 9.

చిరంజీవి లక్ష్మీప్రియకు మీ అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, మీ నాయనా, పియానో ముగ్గురమూ కులాసా. ఆ కొండల చలిలో నువ్వూ నీ క్లారినెట్టూ అంతే కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరం సోమవారం అందింది. మన పోస్ట్‌మ్యాన్ కవరు మీద షిల్లాంగ్ ముద్ర చూసి, "ఏం మేడం, పాప ఫోన్ చేసేది నిలిపేసిందా?" అన్నాడు. "లేదప్పా, కోపమొస్తే మా ఇంట్లో అందరూ చక్కగా రాస్తారు" అన్నాను. నవ్వుకుంటూ పోయాడు.

నిజంగానే చక్కగా రాశావు. మోకాలి నొప్పి తగ్గిందా అన్నావు, శిష్యులు ఎలా ఉన్నారన్నావు, ఫిబ్రవరిలో మీ సంగీతం బడి కచేరికి రాకపోయినా కరపత్రంలో వేయడానికి నా గురించి నాలుగు మాటలు రాసి పంపమన్నావు. అన్నీ అయ్యాక చివర్న, "నాతో కలిసి వాయించడానికి ఎందుకు రానంటున్నావు? నేను చాలనని నేరుగా చెప్పేయమ్మా, బాధపడను" అన్నావు. బాధపడను అన్నచోట నీ పెన్ను కాగితాన్ని చింపేసింది. దానికి జవాబు ఉంది. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను వేరే మాటలోకి జారిపోతాను. కాగితం మీద ఆ వీలు ఇద్దరికీ లేదు. ముందు చిన్నవి తేల్చేసి దాని దగ్గరికి వస్తాను.

మోకాలు మెట్లెక్కేటప్పుడు కలుక్కుమంటోంది, పెడల్ తొక్కేటప్పుడు మాత్రం నోరు మూసుకుని ఉంటోంది. దానికి కూడా సంగీతమంటే గౌరవమే. నువ్వడిగిన ఉలవల పొడి కొట్టి డబ్బాలో పోశాను. మీ నాయన ఎప్పటిలాగే ధర్మవరంలో రైల్వే డ్యూటీ దిగి సాయంత్రం రైలుకు వస్తున్నాడు. రైలు ఆలస్యమైన రోజు ఆయన ముఖం చూడాలి, ఆ రైలును తనే కని పెంచినట్టు సంజాయిషీ ఇస్తాడు. ఇంకో ఏడాది సర్వీసు ఉంది. ఆ తర్వాత దేనికి సంజాయిషీ ఇస్తాడో నాకైతే తెలియదు.

శిష్యులు బాగున్నారు, నా తిట్లు కూడా బాగున్నాయి. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలోని కొరియా ఇంజినీర్ల పిల్లలు వస్తున్నారు. డాక్టరు గారబ్బాయి అనిల్ వస్తున్నాడు, వాడి వేళ్ళకు ఇంకా బ్రేకులు పడలేదు. అందరికంటే బాగా పట్టుకున్నది ఈశ్వరి. అదే ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి, నిద్ర కళ్ళతోనే ఆదివారం బస్సెక్కి వస్తుంది. నా పద్ధతి నీకు తెలుసు కదా. కాగితం ముందు పెట్టను. నేను పియానో మీద ఒక మాట అడుగుతాను, జవాబు చెప్పమంటాను. అనిల్ నా మాటనే నాకు తిరిగి అప్పజెబుతాడు, అదీ రెండింతల వేగంతో. ఈశ్వరి మాత్రం కాసేపు ఆగి, నేను అనుకోని జవాబు ఇస్తుంది. ఆ పిల్లకు నేర్పేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

ఆమెకు కళ్ళు కూడా ఎక్కువే. ఒకరోజు, "మేడం, ముందంతా నాకు ఎడం పక్క కూసుంటాంటిరి, ఇప్పుడు కుడి పక్కకొచ్చినారు, యాలా?" అని అడిగింది. ఫ్యాన్ గాలి కోసమన్నాను. ఫ్యాన్ సరిగ్గా మా ఇద్దరి నెత్తి మీద తిరుగుతోంది. ఆమె దాని వైపు చూసి, నా వైపు చూసి, వాయించడం మొదలుపెట్టింది.

ఇక నా గురించి నాలుగు మాటలు. మీ వాళ్ళు ఇలాంటివాటిలో బిరుదులు వేస్తారు, నాకవి వద్దు. ఇలా రాయి. పుట్టింది ధర్మవరం. నాయన ఉలిగప్ప పగలు మగ్గం మీద పట్టుచీరలు నేసి, రాత్రి నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. హార్మోనియం అని పెద్ద పేరు ఎవరూ అనేవాళ్ళు కాదు, పెట్టె అనేవాళ్ళు. ఆడపిల్లను స్టేజీ దగ్గరికి తెచ్చాడని మా అమ్మ తిప్పమ్మ వైపు వాళ్ళు గొణిగినా, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ మైకులు ఎప్పుడు పలుకుతాయో ఎప్పుడు మూగబోతాయో తెలియదు. అందుకని నాయన వేషగాడి గొంతు మీద చూపు పెట్టేవాడు. మెడ నరం ఉబ్బితే రాగం పైకి పోతుంది, భుజం దిగితే పద్యం అయిపోవస్తోంది. వినడం కంటే ముందు చూడడం నేను అక్కడ నేర్చుకున్నాను.

తర్వాత బెంగళూరు. పెళ్ళి ఆర్కెస్ట్రాలో కీబోర్డు. అక్కడి నుంచి ఒక పెద్ద హోటల్లో సాయంత్రాలు పియానో. అక్కడే గోవా నుంచి వచ్చిన ఫెర్నాండెజ్ సార్ ఒకరోజు నేను వాయిస్తుంటే పక్కన నిలబడి, మధ్యలో ఇలా ఆగి చూడడం ఎవరు నేర్పారని అడిగాడు. నాటకంలో వేషగాడు రాగం ఎప్పుడు దించుతాడో తెలియదు సార్, కాచుకుని కూర్చోవాలి కదా అన్నాను. ఆయన పడీపడీ నవ్వి, నువ్వు చిన్నప్పటి నుంచి జాజే వాయిస్తున్నావు, నీకు పేరు తెలియదంతే అన్నాడు. ఆ పేరు తెలిశాక వెనక్కి తిరిగి చూడలేదు. ఓడల మీద వాయించాను, నా పేరు మీద ముగ్గురి బృందం పెట్టాను, రికార్డులు చేశాను. మీ నాయనను చేసుకున్నాక కాపురం హిందూపురం, కచేరీలు బెంగళూరు. ఈ ప్రాంతంలో జాజ్ ఎవరు నేర్చుకుంటారని నవ్వినవాళ్ళ పిల్లలకే ఇప్పుడు మన ముందుగదిలో ఆదివారం చోటు దొరకడం లేదు. ఇది కూడా వేయించు.

ఇప్పుడు అసలు కబురు. పోయిన నెల పెనుకొండలో కచేరి చేశాను. పాత నాటకాల హార్మోనిస్టులను తలుచుకుందామని అక్కడి కళాభిమానులు ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. జాజ్ అన్న మాట కరపత్రంలో లేదు. "ఉలిగప్ప గారి కూతురు హేమావతి పియానో కచేరి" అని వేశారు. హోటళ్ళ ముందు నా పేరు లైట్లలో చూసుకున్నాను కానీ, ఇంత సరిగ్గా ఎవరూ వేయలేదు.

మన ఇంటి పియానోనే తీసుకెళ్ళాం. పట్టుగూళ్ళు తోలే బొలెరోలో కింద పరుపులు పరిచి, తాళ్ళు బిగించి. ఎత్తిన హమాలీ ఒకతను, "ఏం మేడం, దీంట్లో గుండ్లు పెట్టినారా?" అన్నాడు. మీ నాయన దారంతా బొలెరో వెనక స్కూటర్ మీద వచ్చాడు, పడితే పట్టుకుంటాడట. బాస్ గిటార్ వాయించే సతీష్, డ్రమ్స్ మురళి బెంగళూరు నుంచి వచ్చారు. పియానో వాయించేవాళ్ళ వేళ్ళు జనానికి కనపడాలి కదా, అందుకని ఎప్పటిలా నా కుడి పక్క జనం వైపు ఉండేట్టు పెట్టించాను.

ముందు వరుసల నిండా పాత నాటకాల వాళ్ళే. రొద్దం నుంచి కుళ్ళాయప్ప మామ కూడా వచ్చాడు. కృష్ణుడి వేషానికి ఆయన, పెట్టెకు మా నాయన అని ఒకప్పుడు మడకశిర దాకా పేరు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, మీసం మాత్రం ఇంకా కృష్ణుడి కాలం నాటి నలుపే, రంగు పుణ్యమా అని.

తెర లేచే ముందు నాయన వాయించే చిన్న వరస ఒకటి ఉండేది. దాన్ని నా పద్ధతిలో పెంచి వాయించాను. నా వంతు సోలో అయిపోయింది, చేతులు చెప్పిన మాట విన్నాయి, ఒళ్ళు పులకరించింది. సతీష్‌కు సైగ చేసి తర్వాతి భాగంలోకి వెళ్ళిపోయాను. సతీష్ నా వైపు అదోలా చూశాడు. మురళి కూడా. బాగా కుదిరిందని చూస్తున్నారనుకుని ఇంకా హుషారుగా వాయించాను. అంతలో నా కంటి కొసన తెల్లటి పంచె కదిలింది. తల తిప్పితే కుళ్ళాయప్ప మామ స్టేజీ అంచు దగ్గర కర్ర ఆనించి నిలబడి ఉన్నాడు. వెనక జనం సగం మంది లేచి నిలబడ్డారు. ఆపేశాను.

"ఏమ్మే హేమా," అన్నాడు మామ. "ఒగటే పనిగా వన్స్ మోర్ అని అరుస్తాండాం. నువ్వు ఇనీ ఇననట్ల పోతాండావు. మీ నాయన అయింటే ఒక్క కేకకే పెట్టె మళ్ళా ఎత్తుకుంటాండె. మేమడిగేది నీకు లెక్క లేదా?"

నీకు ఆ నాటకాలు తెలియవు కాబట్టి చెబుతున్నాను. మన సీమలో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అంటే నాటకం అక్కడే ఆగాల్సిందే. యుద్ధం మధ్యలో అయినా సరే, చచ్చి పడిపోయినవాడైనా సరే, లేచి మళ్ళీ పాడాల్సిందే. కాదని ముందుకు పోతే అడిగినవాళ్ళను నలుగురిలో కొట్టినట్టే. సతీష్‌కు, మురళికి ఆ ఆచారం తెలియదు, ఎవరో అల్లరి చేస్తున్నారనుకున్నారు. నాకు తెలుసు. ఆ కేకల మధ్యే నేను పెరిగాను. అలాంటిది ఉలిగప్ప కూతురు వన్స్ మోర్‌ను పట్టించుకోకుండా పోయింది.

ఆ క్షణంలో ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. మామ ముఖం చూస్తే చేతకాలేదు. మైకు అందుకుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. "మామా, నాకు కుడి చెవి వినపడదు. ఈ ఎడం పక్క డ్రమ్స్ మోతలో మీరు అరిచింది నాకు తెలీలే."

ప్రియా, నీకు చెప్పనిది ఇదే. వేసవిలో ఒకరోజు నిద్ర లేచేసరికి కుడి చెవిలో పెద్ద మోటారు తిరుగుతున్నట్టు హోరు. జలుబు అనుకుని నూనె కాచి పోసుకుని, ఇవాళ తగ్గుతుంది రేపు తగ్గుతుందని కూర్చున్నాను. మీ నాయన ఆ పక్క నుంచి పిలిస్తే పలికేదాన్ని కాను. పాపం ఆయన అది నా మామూలు స్వభావమే అనుకున్నాడు. అనుమానం వచ్చి బెంగళూరు తీసుకెళ్ళేసరికి, లోపలి నరం పోయింది, తిరిగి రాదు, ఎడమ చెవికి ఏం భయం లేదు అన్నాడు డాక్టరు. నేను ఆసుపత్రి బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చెవి లేనివాడు పియానో ముట్టుకోకూడదని ఎంతమంది పిల్లలను తిట్టి ఉంటాను! తెలిస్తే ఇక నన్ను ఎవరూ పిలవరనిపించింది. నువ్వు జాలిపడతావనిపించింది, అది అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. నీకు చెప్పొద్దని మీ నాయన దగ్గర మాట తీసుకున్నాను. ఆయన మీద కోపం తెచ్చుకోకు.

పెనుకొండలో నేనా మాట అన్నాక హాలు నిశ్శబ్దమైపోయింది, కనీసం నా ఎడమ చెవికి. కుళ్ళాయప్ప మామ కర్రతో నా ఎడమ వైపు చూపించాడు.

"ఎడమది పని చేస్తాదా?"

"చేస్తాది మామా."

"అంతే కదా! అయితే మేమే ఆ పక్కకొస్తాం. లెయ్యండబ్బా, కుర్చీలు ఎత్తుకోండి!"

తమాషాకు అన్నాడనుకున్నాను. ముందు వరుసల ముసలివాళ్ళందరూ ప్లాస్టిక్ కుర్చీలు ఎత్తుకుని స్టేజీ ఎక్కడం మొదలుపెట్టారు. నా వెనక నుంచి చుట్టి ఎడమ పక్కకు వచ్చి, సర్దుకుని కూర్చున్నారు. ఒకాయన కుర్చీ కాలు పడి డ్రమ్స్ మైకు వైరు ఊడిపోయింది. సతీష్ తన బాస్‌ను చంటిపిల్లలా ఎత్తుకుని ఒక మూలకు తప్పుకున్నాడు. నిర్వాహకులు లబోదిబోమంటున్నారు. కింద ఉన్నవాళ్ళు ఈలలు వేస్తున్నారు. అందరూ కుదురుకున్నాక మామ నా ఎడమ చెవికి బారెడు దూరంలో, కృష్ణుడి గొంతుతో, "వన్స్ మోర్!" అన్నాడు.

వాయించాను. అదే వరస, కానీ మొదటిసారి వాయించినట్టు కాదు. మా నాయన కూడా అడిగిందే ఇచ్చేవాడు, అచ్చం అట్లే ఇచ్చేవాడు కాదు. మురళి మైకు లేకుండా, డ్రమ్స్ కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లతో మెల్లగా వేశాడు. నేను సతీష్ వేళ్ళను, మురళి భుజాలను చూస్తూ వాయించాను. నా జీవితంలో అంత బాగా వాయించిన సార్లు తక్కువే. ఇది గొప్ప కోసం రాయడం లేదు, లేదా కొంచెం గొప్ప కోసమే రాస్తున్నాను, ఏం పోయింది. అయ్యాక మామ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "బాగుండాది. ఈ పక్క కూసుంటే నీ మూతి కూడా కనపడ్తాది, మీ నాయన మాదిరే మూతి తిప్పుతాండావు" అన్నాడు.

కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది అది కాదు. స్టేజీ అంచు దగ్గర నిలబడినప్పుడు మామ ముఖం. అడిగితే పట్టించుకోలేదన్న ఆ చిన్నబుచ్చుకున్న ముఖం నేను ఇంతకుముందు చూశానని తెలుస్తోంది, ఎక్కడో గుర్తు రాలేదు. ఇంటికి వచ్చి పియానో దించుతుంటే గుర్తొచ్చింది. ఆగస్టులో బెంగళూరు కచేరిలో నీ ముఖం.

అప్పటికే నా చెవి పోయింది. నువ్వు నా కుడి పక్కన నిలబడ్డావు. నీ సోలో మధ్యలో నేను పియానోతో అందుకున్నాను, నువ్వు క్లారినెట్ దించేశావు. కచేరి అయ్యాక మాట్లాడకుండా వెళ్ళిపోతే, రైలు తొందరలో ఉన్నావనుకున్నాను. మొన్న సతీష్‌ను అడిగి ఆ రికార్డింగ్ తెప్పించుకుని, ఎడమ చెవికి పెట్టుకుని విన్నాను. నువ్వు ముగించలేదు తల్లీ. కింది స్వరాల్లోకి దిగి, ఊపిరంత సన్నగా ఒక కొత్త దారి పట్టావు. ఎంత బాగుందో ఎలా చెప్పను! అంత సన్నటి పలుకు నా ఎడమ చెవి దాకా రాలేదు. ఆ పక్కన డ్రమ్స్ మోగుతున్నాయి. నీ సోలో అయిపోయిందనుకుని నేను రెండు చేతులతో దాని మీద పడ్డాను. నీ అమ్మ, నీకు మొట్టమొదట శ్రుతి చూపించిన మనిషి, నీ ఆట ఇక చాలని అందరి ముందూ ఆపేసిందని అనుకున్నావు. నేనైనా అదే అనుకునేదాన్ని. ఆ తర్వాత షిల్లాంగ్ రమ్మంటే చెవి సంగతి నీ ముందు బయటపడుతుందని నేను వంకలు చెప్పాను. నీ అనుమానం గట్టిపడకుండా ఎలా ఉంటుంది!

నువ్వు చాలవా అని అడిగావు. చాలకపోతే మొహం మీదే చెప్పేదాన్ని, నా నోటి సంగతి నీకు తెలియంది కాదు. పై స్వరాల్లో గొంతు బిగించినట్టు వాయిస్తావు, అది సరిచేసుకోవాలి. మిగతాది నా దగ్గర నేర్చుకున్నది కాదు, నీదే. అది విని నేను ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

వస్తున్నాను. మీ నాయన సెలవు పెట్టేశాడు, గౌహతి దాకా టికెట్లు కూడా చేయించాడు. మీ కరపత్రంలో నా గురించి వేసేచోట కుడి చెవి వినపడదని కూడా వేయించు, దాచుకోవాల్సింది ఇంకేం లేదు. ఒక్కటే షరతు. వేదిక మీద పియానో ఎటు పెట్టినా నువ్వు నా ఎడమ పక్కనే నిలబడాలి. జనానికి కనపడవని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు. ఊపిరి తీసుకునే ముందు నీ భుజం కొంచెం లేస్తుంది, అది నాకు కనపడాలి. నీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు వాయించుకో. ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా వాయించుకో. నువ్వు ముగించి నా వైపు చూసేదాకా నేను వేలు కదపను.

ఇట్లు,
నీ పక్కన కాచుకుని కూర్చునే
మీ అమ్మ,
హేమావతి.